బొమ్మ హిట్టయితే తలనీలాలు

నేను చేసుకోబోయే మనిషి పేరు పాల్. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. నెమ్మదస్తుడు, తాగుడు లేదు, ఆదివారం పూజ తప్పించడు. ఇవన్నీ మా అమ్మ అమలమ్మ పెళ్ళిచూపులకి ముందే వాకబు చేసి నాకు చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. అతను థండర్ స్టార్ భార్గవ్ అభిమాన సంఘానికి గుణదల శాఖ అధ్యక్షుడు. దాచిందని కాదు పాపం, దాన్ని ఆవిడ రోగం కింద లెక్కెయ్యలేదు. 'ఏదో సంఘానికి ప్రెసిడెంటట, నలుగురిలో పలుకుబడి ఉన్నవాడే' అని సంతోషపడింది.

నా పేరు వినీల. ఏలూరు రోడ్డులో ఒక చిన్న ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. షుగర్ మూడొందలుంటే మూడొందలనే రాస్తాను. రోగి మొహం చిన్నబోయిందని రెండొందలు చెయ్యను, రోగి బావమరిది వచ్చి బల్ల గుద్దినా చెయ్యను. అలాంటి నాకు, తొమ్మిది రోజులాడి పోయిన సినిమాని ఇండస్ట్రీ హిట్టనే మనిషి దొరికాడు. మా మతంలో ఖర్మ అనకూడదంటారు. ఇంకేమనాలో ఎవరూ చెప్పలేదు.

ఇదంతా కిందటి దసరాకి మొదలైంది. అప్పటికి మా సంబంధం మాట కూడా లేదు. భార్గవ్ కొత్త సినిమా 'వజ్రలంక' గ్లింప్స్ వదిలారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, గ్లింప్స్ అంటే సినిమా సగం కూడా తియ్యకముందు నలభై మూడు సెకన్ల ముక్క తీసి జనం మీదికి వదలడం. అందులో భార్గవ్ చెయ్యి, ఒక మొసలి, ఒక వజ్రం, బోలెడు పొగ ఉన్నాయి. మనిషి మొహం లేదు. ఆ చేతిని చూసి మా గుణదల వీరులు గాంధీనగర్ హాళ్ళ ముందు చేరి మాట్లాడిన మాటలు చక్రి అనే అతను మైకు పెట్టి తీసి, తన యూట్యూబ్ ఛానెల్లో పెట్టాడు. హాళ్ళ ముందు జనాన్ని పట్టుకుని అభిప్రాయాలడగడమే అతని ఉద్యోగం. పెళ్ళి కుదిరాక ఆ వీడియో నేను చూశాను.

"చేతి మీద నరాలు చూశారా అండి? ఆ నరాలకే వంద రోజులండి!"

"మొసలి భయపడింది బ్రో. దాని కళ్ళలో తెలిసిపోతోంది."

కంప్యూటర్లో పుట్టిన మొసలికి భయమేమిటో నాకు తెలియదు. వాళ్ళకి తెలుసు.

అవతలి పక్షానికి నాయకుడు అంతోని. మా గుడిలో కీబోర్డు వాయిస్తాడు. ఆదివారం పొద్దున్నే కళ్ళు మూసుకుని 'శాంతి, సమాధానం' అని పాడతాడు, పదకొండింటి నుంచి హరికేన్ స్టార్ నిషాంత్ తరఫున లోకాన్నంతా తిడతాడు. "అది మొసలా, గోడ మీద బల్లా? మా అన్న సినిమా రానివ్వండి, అంతరిక్షంలో ఫైటు. రికార్డులన్నీ చెరిపేస్తాం," అన్నాడు అదే మైకులో. ఆ సినిమాకి అప్పటికి పేరు లేదు, కథ లేదు, డైరెక్టరు ఎవరో తేలలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మమ్మ అనేది, ఆవిడ ఏ అభిమాన సంఘంలోనూ సభ్యురాలు కాదు కాబట్టి అంత తెలివిగా మాట్లాడగలిగింది.

సరిగ్గా ఆ బల్లి మాట దగ్గరే మా పాల్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. చక్రి చేతిలో మైకు లాక్కున్నాడు.

"రాసి పెట్టుకోరా అంతోనీ! బొమ్మ హిట్టయితే గుణదల మాతకి తలనీలాలిస్తా! ఇదే నా మొక్కు!"

ఆరు లక్షల మంది చూశారు ఆ వీడియో. మొక్కంటే మామూలు మాట కాదు మా దగ్గర. బిడ్డకి జ్వరం తగ్గితేనో, కాలేజీలో సీటొస్తేనో మొక్కుకుని మరియమాత గుడికి గుణదల కొండెక్కుతారు. ఈయన మొసలి కోసం మొక్కాడు. పైగా ఆ జుట్టు సంగతి కూడా చెప్పాలి. మెడ దాకా, నల్లగా, ఒత్తుగా, భార్గవ్ ఎలా దువ్వితే అలా. నిజం చెప్పొద్దూ, పెళ్ళిచూపుల్లో నాకు మొదట నచ్చింది ఆ జుట్టే. మనిషి తర్వాత నచ్చాడు.

సినిమా జనవరికన్నారు, గ్రాఫిక్స్ కాలేదన్నారు. మార్చికన్నారు, పిల్లల పరీక్షలన్నారు. వాయిదా పడిన ప్రతిసారీ సంఘంవాళ్ళు 'క్వాలిటీ కోసం' అని తీర్మానించేవారు. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సుకాలంలో మాలో పెళ్ళిళ్ళు చెయ్యరు గనక మా ముహూర్తం ఈస్టరు దాటాక, మే మొదటి గురువారానికి పెట్టారు. సినిమా కూడా జరిగి జరిగి ఏప్రిల్ చివరి వారానికి వచ్చి కూర్చుంది. నా పెళ్ళీ, మొసలీ ఒకే పక్షంలో పడ్డాయి.

మొదటిరోజు ఉదయం ఏడు గంటల ఆటకి నన్ను తీసుకెళ్ళాడు. నిశ్చితార్థం అయ్యాక ఇద్దరం కలిసి బయటికి వెళ్ళడం అదే మొదలు. సిగ్గులేకుండా చెబుతున్నాను, పట్టుచీర కట్టుకున్నాను, మల్లెపూలు కూడా పెట్టుకున్నాను. హాలు ముందు కటౌటుకి పాలాభిషేకం చేస్తుంటే సగం పాలు నా చీర మీద పడ్డాయి. "శుభం వదినా, అన్న ఆశీర్వాదం," అన్నాడు ఒకడు. ఆ అన్న ఎవడో, ఆ ఆశీర్వాదమేమిటో, పాల వాసనతో మూడు గంటలు కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది.

కథ చెప్పమంటే చెప్పలేను, అది చూసినవాళ్ళ తప్పు కాదు. హీరో ప్రకాశం బ్యారేజీ మీద నుంచి దూకి, కింద పడకుండా పైకి లేచి హెలికాప్టర్ పట్టుకుంటాడు. కృష్ణలో నీటి అడుగున పది నిమిషాలు పాట పాడతాడు. అతని తల్లికి ఏదో అరుదైన రక్తం కావాలి. ల్యాబ్‌లో అమ్మాయి చేతికి గ్లవ్స్ కూడా లేకుండా ట్యూబు పైకెత్తి, లైటు వైపు చూసి, 'ఈ గ్రూపు ప్రపంచంలో ముగ్గురికే ఉంది' అంటుంది. ఎత్తి చూస్తే గ్రూపు తెలిసేటట్టయితే మేమెందుకు, మా చదువులెందుకు? నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను తెర చూడటం మానేసి పాల్‌ని చూశాను. ఇంటర్వెల్ తర్వాత మూడుసార్లు వాచీ చూసుకున్నాడు. ఒకసారి పెద్దగా ఆవలింత వస్తే, చుట్టూ సంఘం సభ్యులున్నారని గుర్తొచ్చి, నోట్లో వేళ్ళు పెట్టి దాన్ని ఈల చేశాడు. వెనక ఉన్న పన్నెండు మందీ ఆ ఈలకి ఈలలేశారు. వాళ్ళలో కూడా ఎన్ని ఆవలింతలో దేవుడికే తెలియాలి.

బయటికి రాగానే చక్రి మైకు.

"ప్రెసిడెంటు గారూ, బొమ్మ ఎలా ఉందండి?"

"గూస్‌బంప్సండి బాబూ! సీటులో కూర్చోలేకపోయాం!" అన్నాడు పాల్. కూర్చోలేకపోయిన మాట వాస్తవమే. "కొంతమంది కావాలని నెగెటివ్ టాక్ స్ప్రెడ్ చేస్తున్నారండి. నమ్మొద్దు. ఇండస్ట్రీ హిట్టు!"

ఆట అయి రెండు నిమిషాలు కాలేదు. ఇంకా సగం మంది మెట్లు దిగుతున్నారు.

"రేటింగెంతిస్తారండి?"

"ఐదుకి ఆరు!"

బండి మీద ఇంటికొస్తూ ఏలూరు రోడ్డులో సిగ్నల్ దగ్గర అడిగాను. "ఇప్పుడెవరూ లేరు పాల్. నాకు నిజం చెప్పు. సినిమా ఎలా ఉంది?"

"చెప్పాగా వినీ. అదిరింది."

"నువ్వు వాచీ చూసుకోవడం నేను చూశా."

"అది టెన్షన్ తట్టుకోలేక."

నాకు నవ్వు రాలేదు. దానికో కారణం ఉంది. మా నాన్న ఆరునెలలు గుండెల్లో నొప్పి దాచుకున్నాడు. ఎలా ఉంది నాన్నా అంటే 'బాగానే ఉందమ్మా, గ్యాసు' అనేవాడు. రక్తపరీక్షలు చేసే కూతురు ఇంట్లో ఉండగా, నా చేతికి చెయ్యి ఇవ్వకుండా, బాగానే ఉంది బాగానే ఉంది అంటూనే పోయాడు. ఆ మాట వింటే నాకిప్పటికీ కోపం, ఏడుపు రెండూ వస్తాయి.

బండి ఆపించి రోడ్డు పక్కన నిలబెట్టి అదే చెప్పాను. "మా నాన్న సంగతి నీకు తెలుసు. సినిమా బాలేదని నా దగ్గర ఒప్పుకోలేనివాడివి, రేపు నీకేదైనా అయితే చెబుతావా? ఇంకొకళ్ళకి చెప్పక్కర్లేదు. నాకు ఒక్క నిజం చెప్పు. మూడో ప్రకటన ఆదివారం లోపల చెప్పకపోతే, ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి ఈ పెళ్ళి వద్దని నేనే చెబుతా."

మా వాళ్ళలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో పూజ మధ్యన వధూవరుల పేర్లు చదివి, ఆటంకమేదైనా తెలిస్తే చెప్పండని అడుగుతారు. అప్పటికి ఒకటి అయింది, రెండు మిగిలాయి.

పాల్ బండి హ్యాండిల్ వైపు చూస్తూ నిలబడ్డాడు. "నాకు నచ్చింది వినీ," అన్నాడు చివరికి. గొంతులో బలం లేదు.

ఇక ఆ వారం చూడాలి. శనివారానికి హాళ్ళు సగం ఖాళీ. సోమవారానికి పావు వంతు కూడా నిండలేదు. తర్వాతి శుక్రవారం ఇంకో సినిమా వచ్చింది, ఆదివారానికి విజయవాడలో మిగిలిన ఒకటీ అరా హాళ్ళలో కూడా బోర్డు మార్చేశారు. మేము నవదిన ప్రార్థనలు చేస్తాం, తొమ్మిది రోజులు. అన్ని రోజులే ఆడింది వజ్రలంక, అది కూడా ప్రార్థన మీదే ఆడింది. మరి సంఘంవాళ్ళేం చేశారు? మంగళవారం కేకు కోశారు. బుధవారం 'సంచలన విజయం' అని ఫ్లెక్సీ వేశారు, అందులో మొసలి కంటే పెద్దగా పాల్ ఫొటో. కిందపడ్డా పైచెయ్యి మాదే అనడంలో వాళ్ళకి ఎవరూ సాటిరారు.

అప్పుడు అంతోని పాత వీడియో బయటికి తీశాడు. దాని మీద ఒకే వాక్యం రాసి అన్ని గ్రూపుల్లో పెట్టాడు: 'బ్లాక్‌బస్టరైతే గుండేది? గుండు లేకపోతే బ్లాక్‌బస్టరేది?' అభిమానుల నోట అర్థమున్న వాక్యం రావడం నేను చూడటం అదే మొదటిసారి.

పాల్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. హిట్టంటే గుండు, గుండు వద్దంటే ఫ్లాపు. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఫుల్ రన్ అయ్యాక చూడాలన్నాడు ఒకడు. ఓవర్సీస్ వసూళ్ళు ఇంకా తేలలేదన్నాడు ఒకడు. హిట్టంటే ఎంతో మొక్కులో చెప్పలేదు కదా, మాత ఏమీ అనుకోదులే అన్నాడు ఇంకొకడు. గుండు ఎవడికో కాబట్టి ఎన్ని అభిప్రాయాలైనా వస్తాయి.

మా అమ్మ మాత్రం గగ్గోలు పెట్టింది. "ఇంట్లో ఎవరో పోయినట్టు గుండుతో పెళ్ళికొడుకా? సూటు కుట్టించాం, ఫొటోగ్రాఫర్‌కి చెప్పాం. ఏమే, నువ్వెందుకెళ్ళావే ఆ సినిమాకి?" ఉరుము ఉరిమి మంగళం మీద పడినట్టు, తప్పంతా నాదయింది. పాల్‌ని పిలిచి, "నాయనా, ఆ బొమ్మ బాగోలేదని ఒక్కమాట అనెయ్యి, నీ సొమ్మేం పోయింది?" అని గడ్డం పట్టుకుని బతిమాలింది. అతను తలొంచుకుని, "ఎలా అత్తయ్యా," అన్నాడు.

రోజూ ఫోన్లో నేనదే అడిగేదాన్ని. అతను రోజూ అదే చెప్పేవాడు, రోజురోజుకీ గొంతు తగ్గించి. శనివారం ఫోన్ పెట్టేసి నేను నిజంగానే ఏడ్చాను. రేపటితో గడువు అయిపోతుంది. మనిషి వద్దనుకోవడం నాకు ఇష్టం లేదు, అబద్ధంతో కాపురం అంతకంటే ఇష్టం లేదు.

మూడో ఆదివారం వచ్చింది. మా గుడి గురువు ఫాదర్ ఇన్నయ్య గారు కళ్ళజోడు సర్దుకుని మా పేర్లు చదివారు. "ఈ వివాహానికి ఆటంకమేదైనా ఎవరికైనా తెలిసి ఉంటే తెలియజేయాలి," అన్నారు. నలభై ఏళ్ళుగా ఆయన ఆ మాట అడుగుతున్నారట, ఒక్కరూ ఏనాడూ లేవలేదట. అందుకే ఆగకుండా పేజీ తిప్పేశారు.

"ఆటంకం ఉందండి ఫాదర్ గారూ," అని కీబోర్డు వెనక నుంచి అంతోని లేచాడు.

మా అమ్మ చేతిలో జపమాల జారి కిందపడింది. ఏ నూజివీడులోనో పాల్‌కి ఇంకో పెళ్ళాం ఉందని ఆవిడ అప్పుడే తీర్మానించుకుంది, మొహం చూస్తే తెలిసిపోయింది. వెనక బెంచీలో ఎవరో "అయ్యో, బంగారం లాంటి పిల్ల" అని మొదలుపెట్టారు కూడా.

"ఏమిటయ్యా ఆటంకం?" అన్నారు ఫాదర్.

"మరియమాతకి మొక్కు బాకీ ఉన్నాడండి. మొక్కు ఎగ్గొట్టినవాడికి పెళ్ళెలా చేస్తారండి?"

"ఏం మొక్కు?"

"వజ్రలంక హిట్టయితే తలనీలాలిస్తానన్నాడండి. వీడియో ఉందండి."

ఫాదర్ కాసేపు ఆలోచించారు. "వజ్రలంక ఏ పక్క ఊరయ్యా, దివిసీమ వైపా?" అన్నారు.

గుడంతా గొల్లుమంది. ఆయన చెయ్యెత్తి, పూజ అయ్యాక మాట్లాడదామని చెప్పి మిగతా పూజ పూర్తి చేశారు. పూజ అయ్యాక ఒక్క మనిషి ఇంటికి వెళ్తే ఒట్టు. చంటిపిల్లల తల్లులు కూడా వరండాలోనే నిలబడ్డారు. సంఘం సభ్యులు పన్నెండు మందీ భార్గవ్ బొమ్మ చొక్కాలతో పాల్ వెనక చేరారు. అంతోని మనుషులు ఎదురుగా ఫోన్లు పైకెత్తారు. చక్రి కూడా ఎక్కడి నుంచో మైకుతో ఊడిపడ్డాడు. పెద్దవాళ్ళు హిట్టంటే ఏమిటో చర్చించారు. పెట్టిన డబ్బు వస్తే హిట్టన్నాడు ఒకాయన. మా రోజుల్లో వంద రోజులు ఆడితేనే హిట్టన్నాడు ఇంకొకాయన. ఇద్దరూ ఆ సినిమా చూడలేదు.

ఫాదర్ అందర్నీ ఆపారు. "పాల్, ఇలా రా. నాకు సినిమాలు తెలియవు. కలెక్షన్లు మాత అడగదు. మొక్కింది నువ్వు. నీకు బాగుందా, బాగోలేదా? మాత చూస్తుండగా అబద్ధమాడకు. బాగుందంటే ఇప్పుడే వెళ్ళి మొక్కు తీర్చుకో. బాగోలేదంటే మొక్కే లేదు. గురువారం పెళ్ళి నేను చేస్తాను."

నాకు కావలసింది ఆ ఒక్కమాటే. బాగోలేదు అంటే చాలు. జుట్టు దక్కుతుంది, అమ్మ ఏడుపు ఆగుతుంది, నాకు నిజం చెప్పే మనిషి దక్కుతాడు. నేను కళ్ళతోనే బతిమాలాను. పాల్ నా వైపు చూశాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతున్నాడు.

"ఫాదర్ గారూ... ఆ సినిమా..." అన్నాడు. ఆగిపోయాడు.

"చెప్పరా ప్రెసిడెంటూ!" అంతోని ఫోను అతని ముక్కు దాకా తెచ్చాడు. "ఫ్లాపని చెప్పు. లైవులో ఉన్నావు. నీ బతుకే ఫ్లాపని చెప్పు, పెళ్ళికూతురు కూడా వింటుంది!"

జనం నవ్వారు. మా వీధి ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. చిన్నపిల్లలు నవ్వారు. పాల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను.

"బాగుంది ఫాదర్ గారూ!"

ఎవరా అరిచింది అని చూస్తే నేనే.

"నేనూ చూశాను. నాకు నచ్చింది. చాలా బాగుంది. ఈ అంతోని ఎవరండి కాదనడానికి? ఈయన అసలు సినిమా చూశాడా అని అడగండి ముందు!"

అడిగారు. చూడలేదట. ట్రైలర్ చూశాడట. ఈసారి నవ్వు అటు తిరిగింది. చక్రి మైకు కూడా అటే తిరిగింది.

నోరు జారిందని చెప్పుకోవచ్చు, జారలేదు. పాల్‌ని తిట్టాలంటే నేను తిట్టాలి. పది రోజులుగా తిడుతూనే ఉన్నాను, ఆ హక్కు నాది. నా మనిషిని నలుగురిలో పెట్టి నవ్వులపాలు చెయ్యడానికి వాడెవడు? కాకిపిల్ల కాకికి ముద్దు అంటే ఇన్నాళ్ళూ ఇతరుల గురించే అనుకున్నాను. నా చేత్తో నేనిచ్చిన మొదటి దొంగ రిపోర్టు అది, ఫాదర్ గారి ముందు.

పాల్ నా వైపు నోరు తెరుచుకుని చూశాడు. ఏదో అనబోయినవాడు ఆపేశాడు. "సరేనండి ఫాదర్ గారూ, మొక్కు తీరుస్తాను," అన్నాడు. సంఘంవాళ్ళు జై థండర్ స్టార్ అన్నారు. ఫాదర్ గారు గుడి వరండాలో ఆ జైకారాలు కుదరవన్నారు.

కొండ కింద తలనీలాలు తీసే పెద్దాయన కత్తి నూరుతూ, "ఏం మొక్కు బాబూ? ఉద్యోగమా, సంతానమా?" అని ఆప్యాయంగా అడిగాడు. "సినిమా హిట్టయింది తాతా!" అన్నారు వెనక నుంచి. పెద్దాయన కత్తి ఆపి, పాల్ తలని ఒకసారి, ఆ చొక్కాల్ని ఒకసారి చూసి, నీళ్ళు చల్లాడు. నల్లగా, ఒత్తుగా, కుచ్చులు కుచ్చులుగా పడింది. జుట్టు పోయాక తెలిసింది, తలకి ఎడంవైపు ఒక సొట్ట ఉంది. అమ్మ అటు తిరిగి ముక్కు చీదుకుంది.

చక్రి వీడియోకి 'ఈ గుండే సాక్ష్యం' అని పేరు పెట్టాడు. సంఘంవాళ్ళు పది నిమిషాలు ఫొటోలు దిగారు. ఈలోగా ఎవడికో ఫోనొచ్చింది, నిషాంత్ కొత్త సినిమా టీజర్ పన్నెండింటికి వదులుతున్నారట. దాన్ని తిట్టడానికి అందరూ ఒక్కసారిగా వెళ్ళిపోయారు. అమ్మ కొవ్వొత్తులు వెలిగించడానికి పైకి వెళ్ళింది. మెట్ల మీద మేమిద్దరమే మిగిలాం. పాల్ తల మీద గంధం ఆరి తెల్లగా పెచ్చులు కట్టింది, చెవి పైన చిన్న గాటు కూడా పడింది.

"వినీ," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వడుగుతున్నావుగా, ఒక్క నిజమని. చెప్పేస్తున్నా. సినిమా బాలేదు. సెకండాఫ్ అయితే అస్సలు బాలేదు. ఎప్పుడైపోతుందా అని వాచీ చూసుకున్నా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ ముక్క గంట క్రితం ఫాదర్ గారి ముందు అనడానికి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"అందామనే నోరు తెరిచా! సంఘం పోతే పోయింది, వినీ కావాలి అనుకున్నా. 'ఆ సినిమా' అన్నానా లేదా? 'బాలేదు' అనేలోపు నువ్వు లేచి చాలా బాగుందని అరిచావు. నీకు అంత నచ్చిందన్నాక నేను బాలేదంటే నలుగురిలో నీ పరువేం కాను? అందుకే నోరు మూసుకుని కొండకొచ్చా."

ఏడుపొచ్చింది. ఆ సొట్ట తల చూస్తే నవ్వూ వచ్చింది, నవ్వితే బాగుండదని ఏడ్చాను. నిజం చెప్పడానికి సిద్ధపడిన మనిషిని, నిజం చెప్పమని పది రోజులు వేధించిన నేనే, ఆ నిజం నాలుక చివర ఉండగా ఆపి, గుండు కొట్టించాను.

పాల్ కంగారుపడి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏడవకు. జుట్టుదేముంది, మొలుస్తుంది. ఒక్కటి చెప్పు. ఇన్నాళ్ళూ బాలేదని నన్ను నమిలేశావు కదా. నిజంగా నచ్చిందా నీకు?"

లేదు అనాలి. ఒక్క ముక్క. ల్యాబ్‌లో రోజుకి యాభై మందికి మొహం మీదే చెబుతాను. లేదంటే ఆ గుండు దేనికి కొట్టించుకున్నట్టు? చెవి పైన గాటు మీద చిన్న రక్తపు బొట్టు గడ్డకట్టి ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఫస్టాఫ్ బాగుంది," అన్నాను.

పాల్ మొహం వెలిగిపోయింది. జేబులోంచి రుమాలు తీసి తలకి కట్టుకున్నాడు. "అయితే పద. కంకిపాడులో ఇంకా ఆడుతుందంట, మ్యాట్నీకి అందుకోవచ్చు. నాకు నచ్చకపోతే ఏంలే, నీకోసం ఇంకోసారి కూర్చుంటా."

మొత్తం రెండు గంటల యాభై నిమిషాలు. చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని బండెక్కాను.